గాయం మానే రోజుల్లో నమ్మకాన్ని, కృతజ్ఞతను నిలుపుకోవడం ఎలా

2023 జులైలో, ఓరుగల్లును వరద ముంచెత్తడానికి కొద్ది రోజుల ముందు, హనుమకొండలో బడి నుంచి ఇంటికి వస్తుండగా తడిసిన రోడ్డు మీద నా స్కూటీ జారి, కుడి మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. మంచం, వాకర్, చేతికర్ర అన్న వరుసలో ఆ తరువాతి ఆరు నెలలు గడిచాయి. మందుల గురించి, కుట్ల గురించి, ఎక్స్‌రేల గురించి చెప్పడానికి డాక్టర్లు ఉన్నారు. మంచంలో పడి ఉన్న మనిషి తన మనసును ఎట్లా నిలబెట్టుకోవాలో మాత్రం డిశ్చార్జి కాగితం మీద రాసి ఉండదు. ఆ ఆరు నెలల్లో పడుతూ లేస్తూ నేను నేర్చుకున్న పద్ధతులను, అదే స్థితిలో ఉన్నవారి కోసం, వారికి సేవ చేస్తున్నవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నేను నమ్మే మాట చెబుతాను. కృతజ్ఞత మనసులో దానంతట అది పుడుతుందని ఎదురుచూస్తూ కూర్చోనక్కర లేదు. అది మొదట ఒక పని. ఫలానా మనిషి ఫలానా పూట మనకు చేసినదాన్ని పేరుతో సహా గుర్తుంచుకునే పని. ఆ పని రోజూ చేస్తూ ఉంటే, దేవుడి మీద గాని, మనుషుల మీద గాని, మన శరీరం మీద గాని పోయిన నమ్మకం కొంచెం కొంచెంగా తిరిగి వస్తుంది.

మొదటి పది రోజులు

మొదటి పది రోజుల్లో కృతజ్ఞత గురించి ఆలోచించవద్దు. నొప్పి మనిషిని పట్టి పీడిస్తున్నప్పుడు బలవంతంగా తెచ్చుకున్న మంచి భావం ఎంతోసేపు నిలవదు, అది నిలవకపోతే తప్పంతా మనదే అనిపిస్తుంది. డాక్టరు చెప్పిన మందులు వేళకు వేసుకోండి, నొప్పిని ఓర్చుకోవడమే భక్తి అనుకోకండి. ప్రార్థన చేసే అలవాటు ఉంటే దాన్ని ఒక్క నామానికి, ఒక్క శ్వాసకు కుదించుకోండి. నాకు ఆ రోజుల్లో "అమ్మా" అన్న మాట తప్ప మరొకటి రాలేదు. అది కన్నతల్లిని పిలిచినట్టా, భద్రకాళి అమ్మవారిని పిలిచినట్టా అని నేను తేల్చుకోలేదు, తేల్చుకోవలసిన అవసరం కూడా కనిపించలేదు.

ఆ రోజుల్లోనే చూడడానికి వచ్చేవాళ్లు మొదలవుతారు. వచ్చినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది "ఇంకా నయం" అంటారు. ఇంకా నయం, తలకు తాకలేదు. ఇంకా నయం, వెనక లారీ రాలేదు. ప్రేమతోనే అంటారు, కాబట్టి వారిని నొప్పించకండి. కాని ఆ మాటను మీ కృతజ్ఞతకు పునాదిగా మాత్రం పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. జరగని కీడుతో పోల్చుకుని తెచ్చుకునే ఊరట, మనకంటే మంచి స్థితిలో ఉన్నవాణ్ణి చూడగానే ఎగిరిపోతుంది. కిటికీ బయట పిల్లలు పరుగెత్తుతూ కనబడితే చాలు, ఆ "నయం" ఎటు పోయిందో తెలియదు. అట్లాగే "ఏ పాపం చేసినవో", "శని నడుస్తున్నది", "దిష్టి తాకింది" అన్న మాటలు కూడా చెవిన పడతాయి. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, దానివల్ల పెద్దవాళ్ల మనసు కుదుటపడుతుంది. అయితే విరిగిన ఎముకను శిక్షగా మాత్రం అంగీకరించకండి. తడి రోడ్డు మీద ఇసుక ఉన్నది, చక్రం జారింది, అంతవరకే నిజం. శిక్ష అనుకున్నవాడికి దేవుడు పోలీసులా కనిపిస్తాడు, పోలీసు మీద భయం ఉంటుంది గాని నమ్మకం ఉండదు.

ఎముక ఏం చేస్తున్నదో తెలుసుకోండి

నాకు నమ్మకం మొట్టమొదట గుడిలో దొరకలేదు, రెండో ఎక్స్‌రే దగ్గర దొరికింది. మొదటి ఎక్స్‌రేలో విరిగిన చోట నల్లని సందు ఉండింది. ఆరు వారాల తరువాత తీసినదాంట్లో ఆ సందు చుట్టూ పలుచని తెల్లని మబ్బులాంటిది కనబడింది. డాక్టరు పెన్నుతో దాని అంచు వెంట గీసి, "ఇదే కొత్త ఎముక" అన్నాడు. అది ఎవరూ తెచ్చి పెట్టినది కాదు. నేను ఏడుస్తూ పడుకున్న రాత్రుల్లో కూడా నాకు తెలియకుండా లోపల పని జరుగుతూనే ఉన్నది.

ఆ పని జరిగే తీరు తెలుసుకుంటే ధైర్యం కలుగుతుంది. ఎముక విరిగినప్పుడు అక్కడ రక్తం చేరి గడ్డకడుతుంది. మనం గాయం అనుకునే ఆ గడ్డే అతుకుకు తొలి ఆధారం. రెండు మూడు వారాల్లో దాని స్థానంలో మృదులాస్థితో కూడిన మెత్తని అతుకు ఏర్పడుతుంది, తరువాతి వారాల్లో అందులో ఖనిజాలు చేరి గట్టిపడుతుంది, ఆ పైన నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి శరీరం దాన్ని చెక్కి పాత ఆకారానికి తెస్తుంది. పెద్దవాళ్లలో మోకాలి కింది పెద్ద ఎముక అతకడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను దిద్దుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ప్రతిపాదించాడు. డాక్టరు అనుమతించిన రోజు నుంచి, అనుమతించినంత మేరకు, కాలి మీద బరువు మోపి నడవమనేది అందుకే.

మీ ఎక్స్‌రేలను తేదీల వరుసలో ఒక సంచిలో దాచుకోండి. మనసు కుంగిన రోజు వాటిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. మంచాన్ని కూడా వీలైతే చెట్టు కనబడే కిటికీ పక్కకు జరిపించుకోండి. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్నవారి వివరాలను పరిశీలించిన రోజర్ ఉల్రిచ్, కిటికీలోంచి చెట్లు కనబడిన రోగులు ఇటుక గోడ మాత్రమే కనబడినవారికంటే ముందుగా ఇంటికి వెళ్లారని, గట్టి నొప్పి మందులు తక్కువగా తీసుకున్నారని 1984లో ప్రకటించాడు. మా ఇంటి వెనక వేపచెట్టు ఉన్నది. మంచం జరిపిన మరునాడే గదిలో గాలి మారినట్టు అనిపించింది.

రాత్రిపూట మూడు పేర్లు

ఒక చిన్న నోటుపుస్తకం దిండు పక్కన పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు మీకు ఏదైనా చేసిన ముగ్గురి పేర్లు రాయండి. ఎవరు, ఏ వేళకు, ఏం చేశారు అన్న మూడూ ఉండాలి. "అందరూ నన్ను బాగా చూసుకుంటున్నారు" అని రాస్తే ప్రయోజనం లేదు, ఆ వాక్యంలో ఎవరి ముఖమూ కనబడదు. నా పుస్తకంలో ఒక సోమవారం నాటి రాత ఇది: "పొద్దున ఆరింటికి మా ఆయన నీళ్లు కాచి బకెట్ బాత్రూం దాకా మోసిండు. పాలబ్బాయి ప్యాకెట్ గేటుకు తగిలించకుండా లోపలికి తెచ్చి కిటికీలో పెట్టి పోయిండు. ఎడమ కాలు, ఇయ్యాల రోజంతా నా బరువు ఒక్కటే మోసింది."

మూడో పేరుగా శరీరంలో బాగున్న భాగాన్ని రాసుకోవడం నాకు ఎంతో మేలు చేసింది. విరిగిన కాలి మీదనే ధ్యాసంతా ఉన్నప్పుడు, దాని వంతు బరువు కూడా మోస్తున్న రెండో కాలిని, వాకర్ పట్టుకుని బొబ్బలెక్కిన అరచేతులను మనం గుర్తించం.

ఇది కేవలం నా అనుభవం కాదు. రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒక భాగం నాడీ కండరాల వ్యాధులున్నవారితో సాగింది. 21 రోజులపాటు, తాము కృతజ్ఞులమై ఉన్న విషయాలను రోజూ రాసినవారిలో మనసు తేటపడిందని, నిద్ర కూడా మెరుగైందని అందులో తేలింది. కాబట్టి కనీసం మూడు వారాలు వదలకుండా రాసి చూడండి. ఏమీ తోచని రోజు ఒక్క పేరే రాయండి. అదీ తోచకపోతే తేదీ వేసి ఊరుకోండి.

సాయం తీసుకోవడం, దానికి బదులు పలకడం

నాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఇదే. ఇరవై ఏళ్లుగా ఇంట్లో అందరికీ వడ్డించిన చెయ్యి నాది. ఒకరు స్నానం చేయిస్తే కూర్చోవలసి వచ్చినప్పుడు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. మా అత్తమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయి, మా ఇద్దరి మధ్య అంతకు ముందు పెద్దగా మాటలు ఉండేవి కావు. కుట్లు తడవకుండా కాలికి కవరు చుట్టి, ఆ కాలును స్టూలు మీద పెట్టించి, కుంకుడుకాయ రసంతో నా తల రుద్దుతూ ఆమె అన్నది: "సిగ్గేంది బిడ్డా, నేను నీ అసుంటిదాన్నే గద. కండ్లు మూసుకో, మండుతయ్." నేను కళ్లు మూసుకున్నాను. ఏడుస్తున్న సంగతి ఆమెకు తెలియకుండా కుంకుడు రసం కాపాడింది.

ఆ పూట ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ధన్యవాదాలు అన్న మాట సభలో బాగుంటుంది, ఇంట్లో అంటే పరాయివాళ్లతో మాట్లాడినట్టుంటుంది. మన దగ్గర కృతజ్ఞత దీవెన రూపంలో ఉంటుంది. "నీ కడుపు సల్లగుండ", "నీ చెయ్యి సల్లగుండ" అని పెద్దవాళ్లు చిన్నవాళ్లతో అంటారు. చిన్నవాళ్లు పెద్దల కాళ్లకు మొక్కుతారు, కాని విరిగిన కాలితో వంగలేను. చివరికి నాకు దొరికిన మార్గం ఏమిటంటే, ఆమె చేసిన పనిని ఆమె ఎదుటే పేరు పెట్టి చెప్పడం. "అత్తమ్మా, నీ చేతి పచ్చిపులుసుతోనే ఇయ్యాల నా నోటికి రుచి తెలిసింది, రేపు కూడా నువ్వే చెయ్" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మరునాడు పొద్దున్నే చింతపండు నానబెట్టింది.

మీరు కూడా ఇట్లాగే చేయండి. చిన్నవారిని నోరారా దీవించండి, పెద్దవారు చేసినదాన్ని పేరు పెట్టి మెచ్చుకుని మళ్లీ అడగండి. సాయం చేసేవారికి అలసట కూడా ఉంటుంది. వారు విసుక్కున్న రోజు దాన్ని మనసులో పెట్టుకోకండి, ఆ పూటకు బంధువుల్లో మరొకరిని పిలిపించి వారిని కాసేపు బయటికి పంపండి. అది కూడా కృతజ్ఞతే.

వ్యాయామంలో జపం

కదలకుండా ఉంచిన కాలి కండరాలు కొద్ది రోజుల్లోనే సన్నబడడం మొదలవుతుంది. అందుకే పాదాన్ని పైకి కిందికి ఆడించడం, మోకాలు కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని తొడ కండరాన్ని ఐదు సెకన్లు బిగించి వదలడం వంటివి ఫిజియోథెరపిస్టులు మంచంలోనే చేయిస్తారు. విసుగు పుట్టించే పనులివి. నేను అంకెలకు బదులు నామం లెక్కపెట్టాను, ఒక్కో బిగింపుకు ఒక్క నామం. దేవుడి మీద నమ్మకం లేనివారు పిల్లల పేర్లతో, స్నేహితుల పేర్లతో లెక్కపెట్టుకోవచ్చు. మా పక్కింటి ఖాలా, కాజీపేట దర్గాలో మొక్కి నాకోసం చక్కెర తెచ్చిన ఆమె, నేల మీద కూర్చోలేనివారు కుర్చీలోనే నమాజు చదువుకోవచ్చని చెప్పింది. ఆ మాట విన్న తరువాతే నేను పూజగదిలో పీటకు బదులు కుర్చీ వేయించుకున్నాను. కింద కూర్చోలేమని పూజ మానేసినవారెందరో ఉన్నారు, వారికి ఈ మాట చేరాలి.

మొక్కు మొక్కేముందు

ఓరుగల్లు ప్రాంతంలో ఎవరికి దెబ్బ తగిలినా ఎవరో ఒకరు మొక్కుతారు. వేములవాడ రాజన్నకు కోడె కడతామని, ఐలోని మల్లన్నకు బోనం చేస్తామని, మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం, సమర్పిస్తామని మొక్కుతారు. నేను మొక్కులకు వ్యతిరేకిని కాను. అయితే "నయమైతే ఇస్తాను" అన్న మొక్కు బేరమవుతుంది, అతుకు ఆలస్యమైన ప్రతి వారం దేవుడు మాట తప్పినట్టనిపిస్తుంది. "ఎట్లున్నా వస్తాను" అని మొక్కండి. నడకతో కొమురవెల్లికి వస్తానని, మెట్లెక్కి కొండగట్టుకు వస్తానని మాత్రం ఇప్పుడే మాట ఇవ్వకండి, కాలు సిద్ధం కాకముందే మొక్కు తరుముతుంది. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారం జాతర జరిగినప్పుడు నేను ఆ రద్దీలోకి వెళ్లలేదు. నా ఎత్తు బంగారం మా మరిది తీసుకెళ్లాడు, నేను జాతర ముగిశాక వేరే రోజు వెళ్లి గద్దెల ముందు నిలబడి మొక్కుకున్నాను.

ఇక్కడ కొన్ని సంగతులు సూటిగా చెప్పాలి. మొక్కు మొక్కామని మందులు ఆపవద్దు. మానని గాయం మీద విభూతి గాని, పసుపు గాని, పసరు గాని పెట్టనివ్వవద్దు. నొప్పి మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉండవద్దు, వాటిలో కొన్ని కడుపులో పుండ్లు చేయవచ్చు. పిండికట్టు బిగుసుకుపోయి వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లు కదిలిస్తే నొప్పి భరించరానిదైనా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగవద్దు. దిగులు రెండు వారాలు దాటి వదలకుండా ఉంటే, తిండి, నిద్ర పోతే, బతకాలని లేదన్న తలపు వస్తే, 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు. ఇవి చేయడం నమ్మకం లేకపోవడం కాదు.

కోపం వచ్చిన రోజు

కోపం వస్తుంది. నాకు 2023 అక్టోబరు 14న, ఎంగిలిపూల బతుకమ్మ నాడు వచ్చింది. పొద్దటి నుంచి కుర్చీలో కూర్చుని తంగేడు పూలు గుత్తులు కట్టాను, గునుగు కొసలు సమానంగా కోసి రంగులో ముంచి ఆరబెట్టాను. చేతులకు పని దొరికినందుకు సంతోషంగానే ఉండింది. సాయంత్రం మా వాడలో బతుకమ్మలను నడుమ పెట్టి అందరూ వలయంగా తిరుగుతుంటే, గోడ పక్కన వాకర్‌తో కూర్చున్న నాకు చప్పట్ల చప్పుడు భరించలేనిదైంది. పుట్టి బుద్ధెరిగాక నేను ఆడని బతుకమ్మ అదే. ఏం పాపం చేశానని నన్ను ఇట్లా కూర్చోబెట్టావమ్మా అని గౌరమ్మను గట్టిగానే అడిగాను. పక్కన ఉన్న ముసలమ్మ ఒకామె విని, "అడుగు బిడ్డా, తల్లిని కాకుంటే ఎవల్ని అడుగుతవ్" అన్నది.

అప్పటి నుంచి నేను కోపాన్ని ప్రార్థనలోంచి తీసివేయలేదు. మీరూ తీసివేయకండి. కృతజ్ఞత రాసే పుస్తకంలోనే, అదే పేజీలో, పోగొట్టుకున్నదాన్ని కూడా రాయండి. ఆ రాత్రి నేను రాసింది: "బతుకమ్మ ఆడలేదు. ముసలమ్మ నా పక్కన కూర్చున్నది, ఆమె కూడా ఆడలేదు." ఆమె మోకాళ్ల నొప్పులతో ఎన్నేళ్లుగా ఆడకుండా కూర్చుంటున్నదో నేను అంతకు ముందు ఎన్నడూ గమనించలేదు.

ఆలస్యం గురించి ఒక మాట. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ముందున్న కళ్యాణ మండపాన్ని పునరుద్ధరణ కోసం విప్పి, తిరిగి నిలబెట్టడానికి దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది. బడిపిల్లలను అక్కడికి తీసుకుపోయిన ప్రతిసారీ "ఇదెప్పుడు అయితది టీచర్" అని అడిగేవాళ్లు. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, అది మళ్లీ తెరుచుకుంది. కొద్ది రోజుల తరువాత చేతికర్రతో వెళ్లి ఆ స్తంభాల మధ్య అరగంట కూర్చుని వచ్చాను.

గిన్నెలు తిరిగి ఇవ్వడం

మంచంలో ఉన్నన్నాళ్లు ఇరుగుపొరుగువారు కూరలు, పప్పులు, జొన్నరొట్టెలు పంపుతూనే ఉంటారు. ఆ గిన్నెలు, డబ్బాలు వంటింట్లో పేరుకుపోతాయి. వాటిని పిల్లలతో పంపించివేయకండి, మీరు నడవగలిగే రోజు కోసం దాచి ఉంచండి. రోజూ పావుగంట నడవాలని ఫిజియోథెరపిస్టు చెప్పినప్పుడు, ఎటూ కాని నడకకు బదులు, రోజుకొక ఇంటికి ఒక గిన్నె తిరిగి ఇవ్వడమే నా నడకగా పెట్టుకున్నాను. గిన్నెను ఖాళీగా ఇవ్వకూడదన్నది మన ఆచారం. అప్పటికి సంక్రాంతి వచ్చింది కాబట్టి అత్తమ్మ, నేను కలిసి సకినాలు చేశాం. ఆమె చుట్టింది, నేను కూర్చుని కాల్చాను.

మొత్తం పద్నాలుగు గిన్నెలు. అడుగున చెక్కించిన పేర్లు చూసి పదమూడింటిని ఎవరివి వారికి చేర్చాను. ఒక స్టీలు డబ్బాకు పేరు లేదు. మా అత్తమ్మకు గుర్తు లేదు, మా ఆయనకు తెలియదు. నోటుపుస్తకం మొదటి పేజీలు తిరగేస్తే, నొప్పితో వంకర టింకరగా రాసిన అక్షరాల్లో దొరికింది: "ఇస్త్రీ బండి ఆమె, రాత్రి, పెసరపప్పు." వాడ చివర, మా ఇంటికి నాలుగు వందల అడుగుల దూరంలో ఆమె బండి. ఆ సాయంత్రం చేతికర్ర పట్టుకుని, డబ్బా సంచిలో వేసుకుని బయలుదేరాను. దారిలో రెండు చోట్ల ఆగాను. నన్ను చూసి ఆమె ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, బండి కింది స్టూలు బయటికి లాగింది.

"కూసో టీచరమ్మా, చాయ్ తాగి పోదువు. నడిచే వచ్చినవా?"

"నడిచే వచ్చిన" అన్నాను.